క్లౌడ్‌లో మనం అద్దెదారులమే

జంషెడ్‌పూర్‌ వాళ్లకి కంపెనీ క్వార్టర్ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు, కరెంటు, రోడ్లు అన్నీ బాగుంటాయి. ఉద్యోగం అయిపోయాక తాళంచెవి మాత్రం తిరిగి ఇచ్చేయాలి. పక్కనే '86 బస్తీలు' అని పిలిచే వాడల్లో జనం ఏళ్ల తరబడి మాలికానా హక్కు అడుగుతూనే ఉన్నారు. ఈ రోజు మన పరిశోధన కూడా అలాంటి క్వార్టర్‌లోనే కాపురం ఉంటోంది. దాని పేరు క్లౌడ్.

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఆంధ్ర నుంచి ఇక్కడికి వచ్చిన దళిత కుటుంబాల మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. కులం, కూలి, కాంట్రాక్టర్ల పేర్లు - వాళ్లు దాచకుండా చెప్పారు. ఇలాంటి ఫీల్డ్ నోట్సు, ఆడియోలు చాలా చోట్ల సంస్థ ఇచ్చిన ఖాతాలోకే చేరుతున్నాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్‌ని అడ్మిన్ మార్చగలరు, ఖాతానే ఆపేయగలరు. ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, నిజమే. కానీ మామూలు సెట్టింగుల్లో ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది.

యజమాని ఎప్పుడైనా షరతులు మార్చవచ్చు. విద్యాసంస్థలకు అపరిమిత స్టోరేజీ అలవాటు చేసిన గూగుల్, 2022 జూలై నుంచి ఒక్కో సంస్థకు మొత్తం కలిపి 100 టెరాబైట్లే ఉచితం అంది. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు విధించాక, గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ తన సేవలు ఆపేసింది. ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్దిరోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. ఫెలోషిప్ కోసం నెలల తరబడి ఎదురుచూసే స్కాలర్ ఏ కోర్టుకు వెళ్లగలడు?

విదేశీ కంపెనీని వదిలి స్వదేశీ జోహోకు మారితే సరిపోతుందని కొందరంటున్నారు. అప్పుడు మారేది యజమాని మాత్రమే. అద్దెదారు అద్దెదారుగానే ఉంటాడు.

మనవాళ్లకు ఇది ఊహించుకున్న భయం కాదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్, వరవరరావు, హనీ బాబుల ఈమెయిల్ ఖాతాలకు ఒక పుణె పోలీసు అధికారి ఈమెయిల్, ఫోన్ నంబరు రికవరీ వివరాలుగా చేరి ఉన్నాయని 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక రాసింది. పాస్‌వర్డ్ మార్చుకున్నా మళ్లీ లోపలికి రాగలిగే దొడ్డిదారి అది. హనీ బాబు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఓబీసీ రిజర్వేషన్ల అమలు కోసం నిలబడిన అధ్యాపకులు.

అలాగని సొంత ల్యాప్‌టాప్ చాలనుకోలేం. జార్ఖండ్ ఆదివాసీల కోసం పనిచేసిన స్టాన్ స్వామి కంప్యూటర్‌లోకి బయటి నుంచి ఫైళ్లు చొప్పించారని 2022 డిసెంబరులో ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక తేల్చింది. ఆర్సెనల్ నివేదికలను ఎన్‌ఐఏ ఒప్పుకోలేదు. ఆయన అప్పటికే, 2021 జూలైలో, కస్టడీలో ఉండగానే చనిపోయారు.

కాబట్టి ఫైళ్లు ఎక్కడున్నాయన్నదొక్కటే చూస్తే చాలదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా చూడాలి. ఇంటర్వ్యూల్లో అసలు పేర్ల బదులు కోడ్‌లు వాడి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితాను ఏ నెట్‌వర్క్‌కీ తగలకుండా దాచాలి. క్లౌడ్‌లోకి ఎక్కించక తప్పకపోతే ముందు వెరాక్రిప్ట్‌తోనో క్రిప్టోమేటర్‌తోనో తాళం వేయాలి. రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్ ఉంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండంచెల లాగిన్ పెట్టుకుని, రికవరీ వివరాలు నెలకోసారి చూసుకోవాలి.

ఇవన్నీ స్కాలర్ ఒక్కడి భారం కాకూడదు. స్కాలర్ ఖాతాను ఎవరు, ఏ కారణంతో, ఎవరి అనుమతితో తెరవవచ్చో ప్రతి విశ్వవిద్యాలయమూ రాతపూర్వకంగా చెప్పాలి. తెరిస్తే స్కాలర్‌కు తెలియజేయాలి. థీసిస్ సమర్పించాక కనీసం ఏడాదిపాటు ఖాతా ఉంచాలి. ఈ నియమాలు రాసే కమిటీలో ఎస్సీ, ఎస్టీ స్కాలర్లు కూర్చోవాలి. బస్తీలో మాకు గుమ్మం తెరిచి, తమ కథ చెప్పినవాళ్లు నమ్మింది మమ్మల్ని, ఏ సర్వర్‌నీ కాదు.