మంచం ప్రక్కన ఇచ్చిన మాట

సినిమా అన్న మాట ఈ పేజీలో కనబడగానే కొందరు పెద్దలు కళ్లజోడు సర్దుకుంటారని ఎరుగుదును. కంగారు పడనక్కరలేదు. నేను చెప్పబోయేది కొట్లాటలూ కేకలూ ఉన్న సినిమా సంగతి కాదు. ఇంట్లో అమ్మమ్మ మొదలు మనుమరాలి వరకు కలిసి కూర్చుని చూడదగిన చిత్రం.

దాని పేరు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. 1995లో వచ్చింది. జేన్ ఆస్టెన్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1811లో వెలువరించిన నవల దీనికి ఆధారం. పుస్తకం మీద ఆమె పేరు కూడా వేసుకోలేదు, ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే ఉంది. తైవాన్‌లో పుట్టిన ఆంగ్ లీ దీని దర్శకుడు. ఎమ్మా థాంప్సన్ అనే నటి స్క్రీన్‌ప్లే వ్రాసి, పెద్దమ్మాయి ఎలినార్ పాత్ర కూడా తానే వేసింది. ఆ స్క్రీన్‌ప్లేకు ఆస్కారు బహుమతి వచ్చింది. బహుమతుల సంగతి అంతటితో చాలు. కథలోకి వద్దాం.

డాష్‌వుడ్ గారనే పెద్దమనిషి చావు మంచం మీద ఉన్నాడు. మొదటి భార్యకు ఒక కొడుకు, జాన్. రెండవ భార్యకు ముగ్గురూ ఆడపిల్లలే: ఎలినార్, మేరియాన్, మార్గరెట్. నార్లండ్ అనే పెద్ద భవనమూ దాని భూములూ కొడుకుకే పోతాయి. ముందు తరంవారు చేసిన ఏర్పాటు అది. వాటిని పంచే అధికారం ఆ తండ్రికి లేదు. అందుచేత కొడుకును పిలిపించి, పినతల్లినీ చెల్లెళ్లనూ చూచుకోవాలని మాట తీసుకుంటాడు. జాన్ మాట ఇస్తాడు. అతడు దుర్మార్గుడేమీ కాడు. ఆ గడియలో మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

ఆ తరువాత జరిగేది చూడండి. చెల్లెళ్లకు మూడు వేల పౌన్లు ఇద్దామనుకుంటాడు. అతని భార్య ఫానీ, అంత సొమ్ము మన బిడ్డ నోటి దగ్గరిది గదా అంటుంది. సరే, సగం చేద్దాం, పదిహేను వందలు అంటాడు. అదీ ఎక్కువే. పోనీ పినతల్లికి బ్రతికినన్నాళ్లూ ఏడాదికి వంద పౌన్లు? ఏటేటా సొమ్ము వచ్చే ఏర్పాటు పెడితే మనుషులు ఎంతకీ చావరట! అలాగైతే అప్పుడప్పుడు ఓ యాభై. చివరకు తేలినదేమంటే, సామాన్లు మోయించడంలో కాస్త సాయం చేసి, కాలానికి తగినట్టు చేపలో వేట మాంసమో పంపితే తండ్రికిచ్చిన మాట తీరినట్టే. ఈ లెక్కలు నవలలోవి. సినిమాలో ఈ బేరం బండి ప్రయాణంలో కూడా సాగుతుంది. బండి నార్లండ్ చేరేసరికి మాటలో మిగిలింది ఏమీ లేదు.

ఇందులో ఎక్కడా జాన్ ‘ఇవ్వను’ అనలేదు. మెట్టుమెట్టుకూ ఒక న్యాయమైన కారణం దొరికింది, అంతే. మన ఇళ్లలోనూ చెల్లెలి వాటా గురించిన సంభాషణలు రాత్రి భోజనాల తరువాత, తలుపు వేసుకుని, సరిగ్గా ఇలాగే నడుస్తాయి. తప్పంతా ఫానీ మీద వేసి జాన్‌ను విడిచిపెట్టేవారితో నేను ఏకీభవించను. మాట ఇచ్చినవాడు అతడు.

తల్లీకూతుళ్లు నలుగురూ ఏడాదికి ఐదు వందల పౌన్ల ఆదాయంతో డెవన్‌షైరులో ఒక చిన్న ఇంటికి చేరుకుంటారు. ఆ ఇల్లు ఇచ్చినవాడు కొడుకు వరుసవాడు కాదు, తల్లి తరఫు దూరపు బంధువు.

ఇక ఫానీకి తోడబుట్టినవాడే ఎడ్వర్డ్. బిడియస్థుడు. తల్లి అతనిని గొప్ప పదవిలో చూడాలనుకుంటే, అతనికేమో ఒక పల్లెలో పాస్టరుగా ఉండాలని ఆశ. ఎలినార్‌ను ప్రేమించాడు. అయితే అంతకు కొన్నేళ్ల ముందే, తెలిసీ తెలియని వయస్సులో, లూసీ అనే అమ్మాయికి రహస్యంగా మాట ఇచ్చియున్నాడు. ఆ ప్రేమ ఎప్పుడో చల్లారిపోయింది. మాట మాత్రం మిగిలింది. లూసీ ఆ రహస్యాన్ని ఎలినార్‌కే చెప్పి, ఎవరితోనూ అనవద్దని ఒట్టు పెట్టించుకుంటుంది. ఎలినార్ నెలల తరబడి కన్నతల్లికైనా చెప్పదు.

సంగతి బయటపడిన రోజు ఎడ్వర్డ్ తల్లి, ఆ అమ్మాయిని విడిచిపెట్టు, లేకపోతే ఆస్తి లేదు అంటుంది. ఆ ఒక్క మాటను పట్టుకుని అతడు లూసీ నుండి తప్పుకొని ఉండవచ్చు. తప్పుకోలేదు. ఆస్తి తమ్ముడికి పోయింది.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచిన సన్నివేశం దీని తరువాత వస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లాండులో చాలాచోట్ల సంఘానికి పాస్టరును ఎంపికచేసే హక్కు ఆ ఊరి భూస్వామి చేతిలో ఉండేది. కర్నల్ బ్రాండన్ అనే పెద్దమనిషి, మాట కోసం ఆస్తి పోగొట్టుకున్న కుర్రవాడని విని, తన ఊరిలోని పాస్టరు ఉద్యోగం ఎడ్వర్డ్‌కు ఇవ్వజూపుతాడు. ఏడాదికి సుమారు రెండు వందల పౌన్లు. ఆ కబురు చెప్పమని ఎలినార్‌నే అడుగుతాడు! ఆ ఉద్యోగం దొరికితే ఎడ్వర్డ్ లూసీని పెండ్లాడగలడు. ఆ సంగతి తెలిసియుండియే ఆమె ఆ కబురు చెప్పాలి. చెబుతుంది. గొంతు వణకనివ్వకుండా, అవసరమైన నాలుగు ముక్కలు మాత్రమే.

చెల్లెలు మేరియాన్ కథ వేరు. విల్లబీ అనే యువకుడు ఆమెతో కలిసి తిరిగి, ఆమె తలవెంట్రుకలు ఒక పాయ కత్తిరించి దాచుకుని, ఊరందరూ పెండ్లి ఖాయమనుకునేలా ప్రవర్తించి, ఒకరోజు వెళ్లిపోతాడు. లండనులో యాభై వేల పౌన్ల కట్నమున్న అమ్మాయిని చేసుకుంటాడు. వెతికి చూస్తే అతడు ఎన్నడూ ‘నిన్ను పెండ్లి చేసుకుంటాను’ అని నోటితో అననే లేదు. తల్లులారా, ఈ భాగం కాస్త శ్రద్ధగా చూడండి. అసలు మాట జరిగిందో లేదో చెల్లెలిని అడగమని ఎలినార్ తల్లితో అంటుంది. బిడ్డ మనస్సు నొచ్చుకుంటుందని ఆ తల్లి అడగదు. ఒక్క ప్రశ్న అడిగియుంటే ఆ పిల్ల అంత జబ్బుపడి చావు గుమ్మం దాకా పోయేది కాదేమో.

ఇదంతా జేన్ ఆస్టెన్‌కు ఎలా తెలుసు? ఆమె హాంప్‌షైరులోని స్టీవెంటన్ పాస్టరుగారి కుమార్తె. 1805లో తండ్రి చనిపోగా తల్లీ ఇద్దరు కుమార్తెలూ సొంత ఇల్లు లేక ఆ ఊరూ ఈ ఊరూ మారారు. అయితే ఆమె అన్నదమ్ములు జాన్ వంటివారు కారు. తలా కొంత ఏటేటా పంపారు. 1809లో ఎడ్వర్డ్ అనే అన్న చాటన్‌లో తన ఇల్లొకటి వారికిచ్చాడు. ఈ నవలకు ఆమె తుదిమెరుగులు దిద్దింది ఆ ఇంట్లోనే.

ఇదే కథను రాజీవ్ మీనన్ 2000లో తమిళంలో తీశారు. ‘ప్రియురాలు పిలిచింది’ అనే పేరుతో తెలుగులోకీ వచ్చింది. ఇల్లు పోయిన ఆడవాళ్ల కష్టం అందులో బాగానే ఉంది గాని, ఎడ్వర్డ్ అక్కడ పాస్టరు కాడు, సినిమా దర్శకుడు కావాలనుకునేవాడు. పాటలు బాగుంటాయి. మంచం ప్రక్కన ఇచ్చిన ఆ మాట కరిగిపోవడం కోసం మాత్రం ఇంగ్లీషు చిత్రమే చూడాలి. భాష అర్థం కాకపోతే కాలేజీకి వెళ్లే పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకోండి.

లూసీ ఏమైందంటారా? ఆస్తి ఎటు పోయిందో అటే పోయి ఎడ్వర్డ్ తమ్ముణ్ణి చేసుకుంది. ఆమెకు పెండ్లి అయిన సంగతి ఎడ్వర్డ్ వచ్చి చెప్పినప్పుడు, అన్నాళ్లూ నోరు మెదపని ఎలినార్ అందరి ముందూ వెక్కివెక్కి ఏడుస్తుంది. చివర మేరియాన్‌కు కర్నల్ బ్రాండన్‌తో పెండ్లి జరుగుతుంది. చర్చి నుండి వెలుపలికి వచ్చిన పెండ్లికొడుకు పిడికెడు నాణేలు పైకి విసురుతాడు. ఎదుటి కొండ మీద విల్లబీ గుర్రంపై నిలబడి కాసేపు చూచి, గుర్రాన్ని ప్రక్కకు త్రిప్పుకొని వెళ్లిపోతాడు.