వీధిరంగమున షేక్స్పియరు

షేక్స్పియరు తెలుగునాట అడుగిడి 150 సంవత్సరములు కావచ్చినది. వావిలాల వాసుదేవశాస్త్రి 'జూలియస్ సీజరు'ను 'సీజరు చరిత్రము' అను పేర 1876లో తెనిగించిరి. 1880లో గురజాడ శ్రీరామమూర్తి వెనీసు వర్తకుని కథను తెలుగు చేసిరి. ఆ దినములలోనే కందుకూరి వీరేశలింగము 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మలచి, ధార్వాడ నాటకసమాజము రాజమహేంద్రవరమున ఆడిపోయిన పిమ్మట, విద్యార్థులచేత ఆడించిరి. తరువాతి తరమున బళ్లారి రాఘవ షేక్స్పియరు పాత్రలను ధరించి విద్వాంసుల మెప్పు పొందిరి. ఇంతటి చరిత్ర ఉండియు, నేడు తెలుగువానికి ఆ మహాకవి ఎచట కానవచ్చుచున్నాడు? పాఠ్యగ్రంథమునందు, పరీక్షాపత్రమునందు, అరుదుగా కళాశాల వార్షికోత్సవమునందు. పొలమునుండి మరలివచ్చిన రైతు, కర్మాగారమున షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడు, చేపలబుట్ట దించుకొన్న పల్లెకారుల ఇల్లాలు అతని మాటను ఒక్కసారియైన విని ఎరుగరు.

దీనికి కారణము జనుల అజ్ఞానమనుట తేలిక. నిజమును విచారించినచో దోషము మరియొకచోట కానవచ్చును. షేక్స్పియరు మన దేశమునకు విద్యాలయముల అతిథిగా వచ్చినాడు. అతనిని తెనిగించినవారు పండితులు. వారికి తెలిసిన కావ్యభాష పద్యము. వారి కన్నులయెదుట నిలిచిన రంగస్థలము తెరలు, చిత్రించిన పరదాలు, టిక్కెట్టు గల నాటకశాల. వీధిలో కాగడాల వెలుగున ఆడు భాగవతము మోటుదనమని నాటి విద్యావంతులలో పెక్కుర అభిప్రాయము. కనుక ఒకే ఊరిలో రెండు నాటకములు ఒకదానిమొగము ఒకటి చూడకయే బ్రదికినవి. ఒకటి గోడలనడుమ పెరిగి ప్రేక్షకులను పోగొట్టుకొన్నది. రెండవది బయట మిగిలి గౌరవమును పోగొట్టుకొన్నది.

ఇందలి వింత ఏమన, షేక్స్పియరు ఎరిగిన రంగస్థలము మన నాటకశాలకంటె మన వీధికే చేరువ. 1599లో లండనున థేమ్సునదికి దక్షిణపుటొడ్డున లేచిన గ్లోబు నాటకశాలకు నడుమ కప్పు లేదు. నాటకము అపరాహ్ణపు వెలుగులో జరిగెడిది. ఒక పెన్నీ ఇచ్చినవాడు రంగముచుట్టు నేలపై నిలిచి చూచెడివాడు. వేదిక జనములోనికి చొచ్చుకొనివచ్చి మూడువైపుల ప్రేక్షకులను కలిగియుండెను. చిత్రించిన పరదాల హంగు లేదు. అడవి యనగానే అడవి, కోట యనగానే కోట. మిట్టపగలు నటుడు దివిటీ పట్టి వచ్చినచో అది అర్ధరాత్రి యని జనులు గ్రహించెడివారు. స్త్రీపాత్రలను బాలురు ధరించెడివారు. 1613లో తూటా లేని ఫిరంగి పేల్చగా నిప్పురవ్వ పడి ఆ శాల కాలిపోయెను, మరల కట్టిరి, 1642లో ప్యూరిటనుల ఆజ్ఞచే ఇంగ్లండున నాటకశాలలన్నియు మూతపడెను. ఇంగ్లీషు రంగమున స్త్రీలు నటులుగా నిలదొక్కుకొన్నది 1660 తరువాతనే.

ఈ వర్ణన చదివిన ఉత్తరాంధ్రవాసికి తూర్పు భాగవతము తలపునకు రాకమానదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో తరతరములుగా ఆడుచువచ్చిన ఈ భాగవతమునకు పరదాలు లేవు. మద్దెల, తాళము, వంత ఉన్నచో వీధియే ద్వారక. మగవాడే జడవేసుకొని సత్యభామయై వచ్చును. పాత్ర ప్రవేశించుచునే తానెవరో చెప్పుకొనును, పక్కనున్నవాడు ప్రశ్న వేయును, జనులు నవ్వుదురు, కథ సాగును. ఎలిజబెత్తు రాణి కాలపు నటుడొకడు ఆ జనములో కూర్చున్నచో భాష తెలియకున్నను పద్ధతి తెలియకపోదు.

కావుననే ఆరుబయట షేక్స్పియరును ఆడుట కొత్త విపరీతమని తలపరాదు. ఇంగ్లండునకు పడమటికొసనున్న కార్న్‌వాల్ సీమలో 1929లో కొందరు గ్రామస్థులు కూడి పచ్చికబయలున 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ఆడిరి. అది జనులకు నచ్చినది. తరువాత 'ది టెంపెస్ట్' ఆడవలెనని తలచినప్పుడు రొవీనా కేడ్ అను మహిళ సముద్రపు అంచున తన యింటికి దిగువనున్న కొండచరియను చూపి, తోటమాలి సాయమున రాళ్లు మోసి మెట్లు కట్టెను. 1932 వేసవిలో, నిజమైన సముద్రము వెనుక ఘోషించుచుండగా, ఆ తుపాను నాటకము జరిగెను. మినాక్ అను ఆ రంగస్థలము నేటికిని నాటకములతో కళకళలాడుచున్నది. దానికి మూలము ప్రభుత్వపు పథకము గాదు, ధనవంతుని దానము గాదు. ఊరివారి నాటకపు కోరిక, ఒక స్త్రీ చేతులకు కాచిన కాయలు.

మన సీమకు ఇట్టి యోగ్యత లేదా? పరవాడనే తీసికొందము. 2022 ఏప్రిలులో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, సముద్రమునకు దాపుననున్న మండలమిది. ఇచట 2002లో ఉత్పత్తి ఆరంభించిన సింహాద్రి విద్యుత్కేంద్రము నేడు 2000 మెగావాట్ల శక్తి గలది. ఇచటనే జవహర్‌లాల్ నెహ్రూ ఔషధనగరము ఉన్నది. భూములిచ్చిన రైతుకుటుంబములు ఒకవైపు, వేరువేరు జిల్లాలనుండి, రాష్ట్రములనుండి వచ్చిన ఉద్యోగులు ఒకవైపు, కూలిపనివారు ఒకవైపు, తీరమున మత్స్యకారులు ఒకవైపు. వీరందరు ఒకే దారిన నడుతురు, ఒకే సంతలో కొందురు. కాని ఒకచోట కూర్చుండి ఒకే మాటకు నవ్వుటకు, ఒకే మాటకు కంటతడి పెట్టుటకు వీరికి చోటులేదు. జాతరకు కూడుదురనవచ్చును. ఆ జాతరలలోను భాగవతపు మద్దెల స్థానమును ధ్వనియంత్రములు ఆక్రమించుకొనుచుండుట చూచుచునే యున్నాము.

ఇట్టిచోట ఊరివారి నాటకబృందమొకటి షేక్స్పియరును చేపట్టదలచినచో ఏ నాటకము తగును? కార్న్‌వాల్ గ్రామస్థులు ఎన్నుకొన్నదే తగునని చెప్పవచ్చును. 1595 ప్రాంతమున రచింపబడి 1600లో అచ్చయిన ఆ నాటకములో ఏథెన్సు నగరపు పనివారు ఆరుగురు రాజుగారి పెండ్లికి నాటకమాడ సంకల్పింతురు. ఒకడు వడ్లవాడు, ఒకడు నేతగాడు, ఒకడు కొలిమితిత్తులు బాగుచేయువాడు, ఒకడు కుండలకు మాట్లువేయువాడు, ఒకడు సన్నపుపని చేయు వడ్రంగి, ఒకడు కుట్టుపనివాడు. అభ్యాసమునకు వారికి శాల లేదు. వెన్నెలలో అడవికి పోవుదురు. పచ్చికయే వారి వేదిక, పొదయే వారి వేషశాల. సింహపు వేషము ధరించినవాడు స్త్రీలు జడుసుకొందురేమో యని, తాను సింహమును గానని, ఫలానా వడ్రంగినని ముందే చెప్పుకొనును. సభలోని దొరలు నవ్వుదురు. కాని వేషము వేసికొని తన పేరు తానే చెప్పుకొను పాత్రను శతాబ్దములుగా చూచిన మన వీధికి అది ఆటపద్ధతియే. ఆస్థానమువారికి హాస్యాస్పదమైనది మన జనులకు ఆత్మీయము కాగలదు.

ఆ నేతగాని పేరు బాటమ్. అది నూలుచుట్టు చుట్టకు లోపలి ఆధారమును తెలుపు సాలెవారి మాట. తెనుగుచేయువాడు 'కండె' యన్న మాటను స్మరించినచో సగము పని అయినట్లే. షేక్స్పియరును నిఘంటువుతో తెనిగించుటకును, మగ్గముకడ కూర్చుండి తెనిగించుటకును గల భేదము ఈ ఒక్క పేరులో తెలియును.

ఆ నాటకమున నవ్వు ఒక్కటియే లేదు. గంధర్వరాజునకును రాణికిని కలిగిన కలహముచే ఋతువులు తారుమారైనవని రాణి టిటేనియా వాపోవు ఘట్టమొకటి గలదు. ఏరులు గట్లుదాటినవి, ఎద్దు కాడిమోసిన శ్రమ వ్యర్థమైనది, పచ్చిపైరు గింజకట్టకయే కుళ్లినది, విషపుమంచు నేలకు దిగినది యని ఆమె పలుకుల భావము. పెద్దల కలహమునకు పేదలపొలము బలియగుట దాని సారము. తరగతిగదిలో ఆ ఘట్టము ఒక వర్ణన. 2020 జూను మాసాంతమున ఔషధనగరపు కర్మాగారమొకదానిలో విషవాయువు వెలువడి ఇద్దరు కార్మికులు మరణించిన పరవాడలో అది వర్ణనగా మిగులదు. ఒక్క అక్షరము మార్చనక్కరలేదు. వినువారి అనుభవమే దానికి వ్యాఖ్యానము. పొరుగువాని కష్టము ఇంటిగలవానికి, భూమి పోయినవాని బాధ జీతముగలవానికి ఒకే రాత్రి వినిపింపగల ఉపాయము నాటకమును మించినది లేదు.

ఇచట ఆక్షేపణలు రాకపోవు. మన కళలే అంతరించుచుండగా పరదేశి కవి యేల అందురు. ఆక్షేపణ న్యాయమైనదే. షేక్స్పియరును తెచ్చి భాగవతులను ఇంటికి పంపుటయైనచో ఆ యత్నము చేయకుండుటయే మేలు. కాని హబీబ్ తన్వీర్ 1993లో ఈ నాటకమునే ఛత్తీస్‌గఢీ జానపదనటులతో ఆడించి, ఇట్టి కలయికవలన పల్లెనటుని విద్యయే వెలుగునకు వచ్చునని నిరూపించెను. మన యొద్ద మద్దెలగాడున్నాడు, వంతపాటగాడున్నాడు, రొమ్ముపై రేకుతప్పెట కట్టుకొని గంతులువేయు తప్పెటగుళ్ల బృందములున్నవి. గంధర్వపరివారమునకు వారికంటె తగినవా రెవరు? వారిని అలంకారముగా పిలువక, శిక్షకులుగా కూర్చుండబెట్టి, ఇతర వేతనములు చెల్లించు పద్ధతినే వారికిని వేతనము చెల్లించవలెను. సన్మానశాలువ వేతనము కాదు.

సామాన్యులకు అర్థముకాదని మరికొందరందురు. లండనున నేలపై నిలిచి చూచినవారిలో పనివారును, పనినేర్చుకొను పిల్లలును అనేకులు. అర్థముకానిది భావము కాదు, భాష. ఈ జిల్లాలోనిదే యైన ఎస్.రాయవరమున 1862లో గురజాడ అప్పారావు జన్మించెను. ఆయన 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను. వాడుకమాట రంగస్థలముపై ఎంతటి భారమునైన మోయగలదని ఆనాడే తేలినది. అది తేలిన సీమలో నేడు పరవాడ పనివానిచేత గ్రాంథికము పలికించుట కంటె అపచారము లేదు. వ్యాసమునకు తగిన భాష వేరు, వీధికి తగిన భాష వేరు. నాటకము ఆ ఊరి యాసలోనే ఉండవలెను. గంధర్వరాణి మాటయు రాజు మాటయు మరియొక పలుకుబడిలో ఉండినచో ఉండవచ్చును.

కార్యమునకు పూనుకొనువారు కొన్ని నియమములు పాటింపవలెను. సంక్రాంతికిని శివరాత్రికిని నడుమగల దినములు వానకును వడగాడ్పునకును దూరమైనవి. మూలమును రెండు గంటలకు కుదింపవలెను. ధ్వనివర్ధకము తక్కువగా, గొంతు ఎక్కువగా ఉండవలెను. వీధిభాగవతులు రాత్రియంతయు యంత్రసహాయము లేకయే జనమునకు వినిపించిన విద్య మరువరానిది. వేదిక ఎత్తు మోకాటికి మించనక్కరలేదు, ప్రేక్షకులు మూడువైపుల కూర్చుండుట ముఖ్యము. మొదటివరుస కుర్చీలు పెద్దలకు కేటాయించు ఆచారమును ఆ ఒక్క రాత్రికైన విడువవలెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెను. అభ్యాసమునుండి ఇంటికి చేరువరకు వారికి తోడును, గౌరవమును సమకూర్చు పూచీ బృందముదే. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక ప్రదర్శనతో సన్మానము పొంది చెదరిపోరాదు; ఏటేట ఆడినప్పుడే అది ఊరి ఆట అగును.

విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారుగా ఉన్నకాలమున కూర్మా వేణుగోపాలస్వామి ఆరుబయలు రంగస్థలమును, ప్రయోగాత్మక నాటకమును ప్రోత్సహించిరి. ఆ కృషి విద్యార్థులవరకు చేరినది. అచటినుండి పల్లెకు నడువవలసిన దారి మిగిలియున్నది. విశ్వవిద్యాలయముల నాటకశాఖలు ఏటికొక పల్లెబృందమునకు దర్శకుని, వేషధారణ నేర్పువానిని పంపుట భారము కాదు. కర్మాగారములు తమ సామాజికబాధ్యతాధనములో స్వల్పభాగమును, ప్రకటనఫలకము కోరకుండ, ఇచ్చుట అసాధ్యము కాదు. పంచాయతులు ఊరినడుమ మిగిలిన బయలును దుకాణములకు వేలము వేయకుండుట వీనియన్నిటికంటె అవసరము. బయలు పోయినపిమ్మట ఆరుబయలు నాటకమును గురించి వ్రాయుట వ్యర్థము.

షేక్స్పియరునకు మనవలన కొత్తగా కలుగు గౌరవ మేమియు లేదు. లాభము మనది. పగలంతయు యంత్రములతో, పైరుతో, వలలతో పెనగులాడినవారు చీకటిపడిన పిమ్మట ఒకరికెదురుగ నొకరు నిలిచి, వేషము వేసి, తమ యాసలో మాటలాడి తోటివారిని నవ్వించి ఏడ్పింపగలిగిననాడు ఆ ఊరు ఒక జనసమూహము మాత్రమే కాక ఒక సమాజమగును.