ఓర్పుగల బిడ్డలు

చేబ్రోలులో కోనేటి నడుమ నున్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయమును చూచినవారికి నలుదిక్కులకు తిరిగిన ఆ ముఖములు జ్ఞాపకముండును. తాగుబోతు ఇంట పెరుగు బిడ్డకును నాలుగు ముఖములు కావలసివచ్చును. తండ్రి చెప్పుల చప్పుడును బట్టి ఆ రాత్రి యెట్లు గడచునో ఆ బిడ్డ చెప్పగలదు. తల్లి ముఖము, చెల్లెలి ఏడుపు, బియ్యపు డబ్బా, పొరుగువారి చెవులు, అన్నిటిపైనను ఒక కన్ను వేసియుంచవలెను. ఇక పాఠముపై ఉంచుటకు కన్నేది?

మన పోరాటము ఇంతవరకు సీసాతోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఊపున 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఆ స్త్రీల సాహసమునకు చేయెత్తి మ్రొక్కవలసినదే. కాని చట్టము వచ్చినప్పుడును, పోయినప్పుడును, ఇంటిలోని పదునాలుగేండ్ల పిల్లవానిని పిలిచి "నీ సంగతి యేమి నాయనా?" అని అడిగినవారు అరుదు. వానికి దొరకునది మెచ్చుకోలు: "ఎంత ఓర్పుగల బిడ్డ!" ఈ మెచ్చుకోలు నాకు నచ్చదు. ఓర్పును పొగడుట యనగా ఇంకను ఓర్చుకొమ్మనుటయే.

మనోవైద్యులు చెప్పు నిలదొక్కుకొను శక్తి వేరు. హవాయి దీవులలోని కవాయ్‌లో 1955లో పుట్టిన బిడ్డలను ఎమ్మీ వెర్నర్ బృందము దశాబ్దములపాటు పరిశీలించెను. పేదరికము, తల్లిదండ్రుల తాగుడు, మనోవ్యాధి వంటి పెక్కు ఇక్కట్ల నడుమ పెరిగినవారిలోను మూడవవంతు మంది సమర్థులై ఎదిగిరి. అట్టివారికి అవ్వయో, ఉపాధ్యాయుడో, నమ్మదగిన పెద్ద యొకరు అండగా నుండుట కానవచ్చెను.

చికిత్స యనగానే బెదరనక్కరలేదు. శిక్షణ పొందినవారి యొద్ద, విడిగానో తోటిపిల్లలతోనో, కొన్ని వారములు కూర్చుండి మాటలాడుట. ఈ తాగుడు తన వలన రాలేదు, తన వలన పోదు అని బిడ్డ మొదట తెలిసికొనవలెను. మంచి మార్కులు వచ్చినచో నాన్న మానునని నమ్మి రాత్రులు చదువు బాలికకు ఈ యొక్క మాట యెంత బరువు దించునో ఊహింపుడు. అటుపై కోపమును, భయమును పేరుపెట్టి చెప్పుకొనుట; గొడవ రేగిన రాత్రి పోవలసిన ఇల్లేదో ముందే నిశ్చయించుకొనుట; 1098 అను సహాయసంఖ్యను కంఠస్థము చేయుట. దెబ్బలు పడు ఇంట మాత్రము ముందు రక్షణ, తరువాతనే మాటలు.

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు అడ్డుపడుదురు. లంక చెడినది గుట్టు బయటపడుటవలననా, రావణుని నడవడివలననా? చేబ్రోలు ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయు లొకరిద్దరికి ఈ శిక్షణ నిప్పించి, వారమున కొక గంట, తలుపున్న ఒక గది కేటాయించుటకు ఏ నిషేధచట్టమును అక్కరలేదు.