అటక మీది తేలు

ధర్మవరంలో నాకో మిత్రుడున్నాడు. చీరల వ్యాపారం. సొంతూరు తాడిమర్రి మండలంలో ఓ పల్లె. ఊరి పేరు ఎందుకు చెప్పడం లేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. మొన్న వేసవిలో ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరికేమైందో అనే కదా మొదటి భయం!

"అన్నా, ఊర్లో పాత మిద్దె కొట్టేస్తాండాం. అటక మీద ఒకటి దొరికింది."

"ఏం దొరికింది? లంకెబిందెలా?" అన్నాను.

నవ్వలేదు. "పొద్దున్నే వస్తా. ఫోన్లో వద్దు" అని పెట్టేశాడు.

దొరికింది నాటు పిస్తోలు. జొన్నల గోతం వెనక రేకుడబ్బా, డబ్బాలో పాత చీరముక్క, చీరముక్కలో జానెడు పొడవున్న ఇనుము. పక్కనే రెండు తూటాలు, పచ్చగా చిలుం పట్టి. దాన్ని పెట్టింది ఎవరో వాడికి అడగాల్సిన పని లేదు. ఆ అటక మీదికి నిచ్చెన వేసే హక్కు ఆ ఇంట్లో వాళ్ళ నాన్నకొక్కడికే ఉండేది. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఆయన నాకూ తెలుసు. ఫ్యాక్షనిస్టు కాదు. ఆరెకరాల చెనిక్కాయ రైతు. కాకపోతే ఒక పంచాయతీ ఎన్నికల్లో ఒక వర్గం వైపు నిలబడ్డాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పొలానికి ఒంటరిగా పోలేదు. మా జిల్లాలో ఆ రోజులు ఎలాంటివో పెద్దగా వివరించనక్కర్లేదు. 2005 జనవరి 24న పరిటాల రవిని అనంతపురంలో పార్టీ ఆఫీసులోనే కాల్చి చంపారు. 2011 జనవరి 3న మద్దెలచెరువు సూరిని హైదరాబాదులో కారులో కాల్చి చంపారు. ఇవి పేపర్ల మొదటి పేజీకి ఎక్కిన పేర్లు. వీళ్ళ చుట్టూ గన్‌మెన్లు, వాహనాలు ఉండేవి. ఎవరి వెనకో నడిచి, సాయంత్రం ఒంటరిగా ఇంటికొచ్చే బక్క రైతుకు ఏముంటుంది? పాడి ఆవు ధర కన్నా తక్కువకు దొరికే ఇలాంటి ఇనపముక్క ఉంటుంది. దాన్ని ఆయన ఒక్కసారైనా పేల్చాడని నేననుకోను. రాత్రి నిద్ర పట్టడానికి పెట్టుకుని ఉంటాడు.

మనవైపు తుపాకి అంటే వెంటనే అడవిపందులు గుర్తొస్తాయి. చేలో పడి చెనిక్కాయ పీక్కుతినే పందుల కోసం నాటు తుపాకి పెట్టుకున్నామని చెప్పేవాళ్ళున్నారు. అదీ నేరమే అనుకోండి. పిస్తోలుకు ఆ సాకు కూడా లేదు. అది పందిని కొట్టే సరుకు కాదు. ఎదురుగా పదడుగుల్లో నిలబడ్డ మనిషి మీదికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇవి ఎక్కణ్ణించి వస్తాయి? బెంగాల్ నవాబు మీర్ కాసిం 1762లో రాజధానిని ముంగేరుకు మార్చి అక్కడ ఆయుధాల కార్ఖానా పెట్టించాడు. బీహారులోని ఆ ఊరి చుట్టుపక్కల తుపాకీ పనితనం ఈనాటికీ బతికే ఉంది, చాలావరకు దొంగచాటుగా. మధ్యప్రదేశ్‌లో బర్వానీ జిల్లా ఉమర్టి పేరు కూడా ఇలాంటి కేసుల్లో తరచూ వినిపిస్తుంది. అంత దూరం సరుకు ఇంత దూరం ఎందుకొస్తుందిలే అనుకోకండి. 2022 డిసెంబరులో అనంతపురం పోలీసులు అంతర్రాష్ట్ర ముఠాను పట్టుకుని పదికి పైగా తుపాకులు స్వాధీనం చేసుకున్నారు. చవకరకం పిస్తోలుకు గొట్టం అంటే చాలాసార్లు ఏదో వాహనం నుంచి ఊడదీసిన పైపే. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడికి గొట్టం తట్టుకోకపోతే పగిలి, పట్టుకున్నవాడి వేళ్ళే పోతాయి. ఎదుటివాడి సంగతి తర్వాత.

సరే, ఇప్పుడేం చేయాలి? మా వాడు రాత్రంతా కూర్చుని ఆలోచించినవన్నీ ఒక్కొక్కటే నా ముందు పెట్టాడు.

మొదటిది చిత్రావతి. "పార్నపల్లె కాడ రిజర్వాయర్లో పడేస్తే యాభై ఏండ్లకు గూడా దొరకదన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన చిత్రావతిని నమ్మి ఏదైనా దాచగలమా? నాలుగేళ్ళు వానలు పడకపోతే రిజర్వాయరు అంచులన్నీ బయటపడి పశువులు మేసే ప్రాంతం మనది. నీళ్ళు తీసినచోట మొదట తిరిగేది గొర్రెలు కాసే పిల్లలే. బురదలో మెరిసేది కనబడితే ఏ పిల్లాడు తీయకుండా ఉంటాడు? పైగా ఆ పిస్తోలుతో ఇంతకుముందు ఎవరైనా ఏదైనా చేసి ఉంటే, మీ నాన్న చేతికి రాకముందే చేసి ఉంటే, ఆ సాక్ష్యాన్ని నీటిలో కలిపినవాడివి నువ్వవుతావు. ఈ మాటకు వాడి ముఖం పాలిపోయింది. సెకండ్ హ్యాండ్ సరుకు కావచ్చన్న ఆలోచన వాడికి అంతవరకూ రాలేదు.

రెండోది, కమ్మరి కొలిమిలో కరిగించడం. తూటా లోపలే ఉందో లేదో తెలియని ఇనుమును నిప్పులో పెట్టమని ఏ కమ్మరిని అడుగుతాం? అడిగామంటే వాణ్ణీ కేసులోకి లాగినట్టే.

అమ్మడం గురించి వాడు మాట్లాడలేదు. వాడి బావమరిది మాట్లాడాడట, "కొనేవాళ్ళు ఉండారు" అని. బావమరుదులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు! లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే 2019 సవరణ ప్రకారం కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా అయిదేళ్ళు జైలు. అదే అమ్మితే కనీసం ఏడేళ్ళు, యావజ్జీవం దాకా పడొచ్చు. ఇక దాన్ని కొన్నవాడు ఎవరి మీదికి ఎత్తుతాడో మనకు తెలియదు.

ఉన్నచోటే వదిలేద్దామా? మిద్దె కొట్టేస్తున్నారు కదా, ఆ దారీ మూసుకుపోయింది. కొత్తింట్లో బీరువాలో పెడదామంటే ఆరేళ్ళ కూతురుంది.

మిగిలింది పోలీస్ స్టేషన్. మా వాడు ఆ మాట చివర్న చెప్పాడు, అదీ గొంతు తగ్గించి. "నేనే పోయి ఇస్తే నన్నే కూర్చోబెడ్తారు గదన్నా? ఎవురిది, ఎవురిచ్చిరి, ఎవుర్ని కొట్టడానికి అని. నాయన పేరు మళ్ళా ఊర్లో నలుగురి నోట్లో పడ్తాది. ఆ వర్గం ఈ వర్గం అని పాతవన్నీ తవ్వుతారు."

ఈ భయాన్ని తీసిపారేయడానికి లేదు. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో 21వ సెక్షను ప్రకారం లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు చనిపోయినా ఆ తుపాకిని ఆలస్యం చేయకుండా స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. అంటే లైసెన్సు తుపాకికి బయటికిపోయే దారి ఉంది. నాటు పిస్తోలుకు? తెచ్చి ఇస్తే కేసుండదని ఆ చట్టంలో ఎక్కడా రాసిపెట్టి లేదు. మా వాడి చిక్కంతా అదే.

ఇద్దరం కలిసి ధర్మవరంలో నాకు తెలిసిన క్రిమినల్ లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదటి ప్రశ్న, "ఇప్పుడది ఎక్కడుంది?" అటక మీదే ఉందని చెబితే ఊపిరి పీల్చుకున్నాడు. "ముట్టుకోవద్దు, తెరవొద్దు, సంచిలో వేసుకుని బస్సెక్కి స్టేషనుకు అసలే పోవద్దు" అన్నాడు. దారిలో తనిఖీలో దొరికితే, అప్పగించడానికే పోతున్నానన్న మాట ఎవరు నమ్ముతారు? మనం దాని దగ్గరికి పోలీసును పిలవాలి గానీ, దాన్ని పోలీసు దగ్గరికి మోసుకుపోకూడదు.

తర్వాత తీరిగ్గా చెప్పాడు. తుపాకి ఇంట్లో ఉన్నంతమాత్రాన నేరం రుజువు కాదు, అది ఉందని తెలిసి పెట్టుకున్నాడా అన్నది ముఖ్యం. సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో ఈ సంగతి తేల్చింది. కాబట్టి తెలిసిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. నిన్న దొరికి ఈరోజు చెబితే ఒక రకం, నిన్న దొరికి ఏడాది తర్వాత బయటపడితే ఇంకో రకం. అదీగాక లైసెన్సు లేకుండా పెట్టుకున్నాడన్న కేసును కోర్టుకు తీసుకెళ్ళాలంటే 39వ సెక్షను ప్రకారం ముందు జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతివ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పారన్నది అక్కడ పనికొస్తుంది. "గ్యారంటీ అడగొద్దు, అది నేనివ్వలేను. కానీ ఉన్న దారుల్లో తలెత్తుకుని నడిచేది ఇదొక్కటే" అన్నాడు. ఫీజు తీసుకోలేదు. లాయర్లను తిట్టే కాలమ్‌లు చాలా రాశాను గనక ఈ మాట కూడా రాయాలి.

బయటికొచ్చాక నాకు మణిపూర్ గుర్తొచ్చింది. 2023 అల్లర్లలో పోలీసు ఆయుధాగారాల నుంచే వేలాది తుపాకులు జనం చేతుల్లోకి పోయాయి. 2025 ఫిబ్రవరిలో గవర్నర్ వారం రోజులు గడువిచ్చి, ఈలోగా తెచ్చిస్తే చర్య ఉండదన్నారు. గడువును మార్చి 6 దాకా పొడిగించారు. వెయ్యి దాకా ఆయుధాలు తిరిగొచ్చాయి. పోయినవాటితో పోలిస్తే తక్కువే. కానీ తలుపు తెరిస్తే వచ్చేవాళ్ళున్నారని తెలిసింది కదా! బ్రిటన్‌లో 1996 మార్చిలో డన్‌బ్లేన్ బడిలో ఒకడు పదహారుమంది పసిపిల్లల్ని, వాళ్ళ టీచర్నీ చేతి తుపాకులతో కాల్చి చంపాడు. మరుసటేడు చట్టం మార్చి చేతి తుపాకుల్ని నిషేధించారు. పరిహారం ఇస్తామంటే జనం లక్షా అరవై వేలకు పైగా తెచ్చి అప్పగించారు. మన దగ్గరా మన్యంలో, చిత్తూరు వైపు నాటు తుపాకులు స్వచ్ఛందంగా ఇచ్చేయమని పోలీసులు అప్పుడప్పుడూ ఊళ్ళలో చెబుతుంటారు. మా సత్యసాయి జిల్లాలో కూడా ఏడాదికో నెల అలా దండోరా వేయిస్తే ఎన్ని అటకలు ఖాళీ అవుతాయో! డబ్బివ్వక్కర్లేదు. పేరు అడక్కుండా ఉంటే చాలు.

ఆ మధ్యాహ్నమే మా వాడు స్టేషనుకు ఫోన్ చేశాడు. లాయరు చెప్పినట్టు ఒక కాగితం కూడా రాసి పెట్టుకున్నాడు, ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు చూశారు అని. కూలివాళ్ళను పంపేసి, ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఒకాయన ఈ వర్గం, ఇంకొకాయన ఆ వర్గం. అది వాడి సొంత ఆలోచనే, లాయరు చెప్పింది కాదు.

ఎస్సై వచ్చాడు. కుర్రాడే. అడగాల్సినవన్నీ అడిగాడు, ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడిగాడు. సాయంత్రం దాకా పట్టింది. డబ్బా దించి, తూటాలు లెక్కపెట్టి, పంచనామా రాసి, పెద్దమనుషులిద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. పిస్తోలును ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతామన్నారు. పిలిచినప్పుడు రావాలని మా వాడికి చెప్పి వెళ్ళారు. ఇప్పటికి రెండుసార్లు పిలిచారు. మళ్ళీ పిలవొచ్చు.

వాళ్ళమ్మ ఆ సాయంత్రమంతా వేపచెట్టు కింద కూర్చునే ఉందట. చిన్నప్పుడు మా వాడు నిచ్చెన ఎక్కబోతే "అటక మీద తేళ్ళుండాయి, దిగురా" అని అరిచేది. మనవరాలిక్కూడా అదే మాట. ఆ తేళ్ళ సంగతి ఆమెకు ఎంతవరకు తెలుసో వాడు అడగలేదు. వాడు చెప్పనిది నేనూ అడగలేదు.

జీపు కదులుతుంటే మాత్రం లేచి ఎస్సై దగ్గరికి పోయిందట. "నాయనా, ఆ చీరగుడ్డ ఇచ్చిపో. అది నాదే" అని.

అదీ పంచనామాలో ఎక్కింది, ఇవ్వడం కుదరదమ్మా అన్నాడట ఆయన.