చదువుల సొమ్ము ఎక్కడ పెరుగుతోంది?

1718లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఓ చిన్న బడికి సముద్రం మీదుగా కానుక వచ్చింది. తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఇంగ్లండు రాజు మొదటి జార్జి చిత్రపటం. పంపినవాడు ఎలిహు యేల్. 1687 నుంచి 1692 దాకా చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలో గవర్నరుగిరీ చేసిన ఈస్టిండియా కంపెనీ అధికారి. మూటల్లో నూలు గుడ్డలు, మస్లిన్ ఉన్నాయి. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. ఆ కృతజ్ఞతతోనే బడి తన పేరును యేల్ కాలేజీగా మార్చుకుంది.

మచిలీపట్నం నుంచి చెన్నపట్నం దాకా మన తీరపు నేతగాళ్ల పనితనం మీద బతికిన కంపెనీ అది. యేల్ ఐశ్వర్యం అక్కడ పోగైందే. ఐరోపా వెళ్లే ప్రతి ఓడలో కనీసం పదిమంది బానిసలు ఉండాలని ఆదేశించిన సమావేశంలోనూ ఆయన కూర్చున్నాడు. బానిసత్వంతో తన తొలితరం పెద్దలకున్న సంబంధానికి యేల్ విశ్వవిద్యాలయం అధికారికంగా క్షమాపణ చెప్పింది 2024 ఫిబ్రవరిలో. అంటే కానుక అందిన మూడు వందల ఆరేళ్లకు.

విచిత్రమేమిటంటే, విద్యాసంస్థ సొమ్మును ఏ దారిలో పెంచకూడదో పద్ధతిగా రాసుకున్న తొలి సంస్థ కూడా ఇదే.

ఇలాంటి సొమ్మును ఎండోమెంట్ అంటారు. ఆ మాట అనగానే మనకు దేవాదాయ శాఖ గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు, సూత్రం ఒకటే. తిరుమల నిత్యాన్నదానానికి భక్తులిచ్చిన సొమ్మును బ్యాంకులో వేసి, అసలు ముట్టకుండా వడ్డీతో అన్నం పెడతారు. అమెరికా విశ్వవిద్యాలయాల మూలనిధి కూడా అంతే. ఏటా నాలుగైదు శాతం తీసి జీతాలకూ స్కాలర్‌షిప్పులకూ వాడతారు, మిగతాది పెరుగుతూ ఉంటుంది. హార్వర్డ్ నిధి 2024 నాటికి 5,300 కోట్ల డాలర్లు దాటింది. తేడా పెట్టుబడిలో ఉంది. వాళ్లది ఫిక్స్‌డ్ డిపాజిట్లలో కూర్చునే సొమ్ము కాదు. షేర్లలోకి, అడవుల్లోకి, ప్రైవేటు ఈక్విటీ ఫండ్లలోకి పోతుంది. ఎక్కడికి పోతోందన్న ప్రశ్న అందుకే పుట్టింది.

1969లో యేల్‌లో కొందరు అధ్యాపకులు, విద్యార్థులు దీనిమీదే ఒక సెమినార్ పెట్టుకున్నారు. దాని ఫలితంగా 1972లో ‘ది ఎథికల్ ఇన్వెస్టర్’ అనే పుస్తకం వచ్చింది. సైమన్, పవర్స్, గన్నెమన్ రాసిన ఈ పుస్తకం లోకాన్ని బాగుచేయడం కాలేజీ పని అనదు. తాను వాటాదారుగా ఉన్న కంపెనీ జనానికి హాని చేస్తుంటే చూస్తూ ఊరుకోకూడదంటుంది. ఎప్పుడు కలగజేసుకోవాలి? న్యూయార్క్ క్యూ గార్డెన్స్‌లో ఓ యువతిపై దాడి జరుగుతుంటే ఇరుగుపొరుగు కదలలేదన్న అప్పటి వార్తను పట్టుకుని నాలుగు కొలతలు చెప్పారు: అవసరం తీవ్రమా, మనం దగ్గరగా ఉన్నామా, ఏమైనా చేయగలమా, మనం తప్ప చేసేవాళ్లు లేరా. ముందు వాటాదారుగా మాట్లాడాలి, ఓటు వేయాలి. షేర్లు అమ్ముకుని వెళ్లిపోవడం చివరి మెట్టు. యాభై ఏళ్లు దాటినా ఇంతకంటే సూటైన కొలత నాకు ఎక్కడా కనబడలేదు.

దానికి అసలు పరీక్ష వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా. 1977లో హాంప్‌షైర్ కాలేజీ అక్కడ వ్యాపారం చేసే కంపెనీల షేర్లు వదిలించుకుంది. అదే ఏడు జనరల్ మోటార్స్ బోర్డులోని నల్లజాతి మతబోధకుడు లియాన్ సల్లివాన్ మధ్యేమార్గం చూపారు. కంపెనీలు అక్కడే ఉండి ఉద్యోగుల మధ్య వర్ణభేదం పాటించకుండా నడవాలన్నారు. చాలా విశ్వవిద్యాలయాలకు అది అందివచ్చిన సాకు అయింది. పదేళ్లకు, 1987లో, తన సూత్రాలు చాలలేదు, కంపెనీలు బయటికి రావాల్సిందేనని సల్లివానే చెప్పారు. అప్పటికే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడులను వదులుకోవాలని 1986లో తీర్మానించింది. అదే ఏడాది రీగన్ వీటోను కాదని అమెరికా కాంగ్రెస్ ఆంక్షల చట్టం తెచ్చింది.

షేర్లు అమ్మడం వల్లే జాత్యహంకార ప్రభుత్వం కూలిందా? ఈ విషయంలో ఉద్యమకారులు కొంచెం ఎక్కువ చెప్పుకుంటారు. టియో, వెల్ష్, వాజాన్ 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ కంపెనీల షేర్ల ధరలపై బహిష్కరణ ప్రభావం దాదాపు కనిపించలేదు. ఒకరు అమ్మిన షేరును మరొకరు కొంటారు, అంతే. దక్షిణాఫ్రికా ప్రభుత్వం మెడ పట్టుకున్నది 1985లో చేజ్ మాన్‌హట్టన్ బ్యాంకు తన స్వల్పకాలిక అప్పులను ఇక పొడిగించనన్నప్పుడు. కాలేజీ పిల్లల ధర్నాలు ధరలను కదపలేదు. ఆ దేశంతో లావాదేవీని పరువు తక్కువ పనిగా మార్చడంలో వాటికి పాత్ర ఉంది. అప్పిచ్చేవాడిని ఆలోచనలో పడేసిన వాతావరణంలో వాటి వంతును కాదనలేం.

బొగ్గు, చమురు దగ్గర కథ మళ్లీ మొదలైంది. 2013లో హార్వర్డ్ అధ్యక్షురాలు డ్రూ ఫౌస్ట్, మూలనిధి రాజకీయ సాధనం కాదంటూ, ఆ కంపెనీల షేర్లు అమ్మాలన్న విద్యార్థుల కోరికను తోసిపుచ్చారు. 2021 సెప్టెంబరులో ఆమె తర్వాతి అధ్యక్షుడు లారెన్స్ బకావ్, ఆ కంపెనీల్లో నేరుగా పెట్టుబడులు లేవు, ఇక పెట్టబోమని లేఖ రాశారు. ఆ మధ్యకాలంలో చమురు షేర్లు మార్కెట్ కంటే బాగా వెనకబడ్డాయి. ముందు మేలుకున్నది మనస్సాక్షా, లెక్కల పుస్తకమా అన్నది పాఠకులు తేల్చుకోవచ్చు. పైగా ఇప్పుడు నేరుగా కొనే షేర్లు తక్కువ. ప్రైవేటు ఈక్విటీ భాగస్వామ్యాల ద్వారా మూలనిధిలో రెండు శాతంలోపు ఇంకా ఉందని అదే లేఖ ఒప్పుకుంది. గాజా యుద్ధంతో ముడిపడిన కంపెనీల షేర్లు అమ్మాలంటూ 2024లో శిబిరాలు వేసిన విద్యార్థులకు ఎదురైన అడ్డంకి కూడా అదే. ఎక్కడ ఎంత ఉందో తెలియకుండా దేన్ని అమ్మమని అడుగుతారు? బ్రౌన్ విశ్వవిద్యాలయం కనీసం విషయాన్ని ఓటుకు పెట్టి, ఆ అక్టోబరులో కాదంది.

ఇదంతా మనకెందుకంటే, మన దగ్గర ఇప్పుడే ఈ నిధులు పుడుతున్నాయి. వంద కోట్ల డాలర్ల లక్ష్యంతో ఐఐటీ ఢిల్లీ 2019లో మూలనిధి ప్రారంభించింది. బాపట్లలో పుట్టిన చివుకుల కృష్ణ 2024లో తాను చదివిన ఐఐటీ మద్రాసుకు 228 కోట్ల రూపాయలిచ్చారు. ఇలాంటి విరాళాలు ఇకపై పెరుగుతాయి. ధర్మసంస్థలు మామూలు కంపెనీల షేర్లు నేరుగా కొనకుండా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 11(5) సెక్షన్ గీత గీసింది. ప్రభుత్వ బాండ్లు, పోస్టాఫీసు, షెడ్యూల్డు బ్యాంకుల డిపాజిట్లు వంటివే ప్రధాన దారి. అందుకని మన ట్రస్టీలు భద్రత ఒక్కటే చూస్తారు. అందులో దిట్టలే: 2020 మార్చిలో యెస్ బ్యాంకుపై మారటోరియం పడటానికి నెలల ముందే టీటీడీ తన 1,300 కోట్లు వెనక్కి తీసేసుకుంది.

డిపాజిట్ వేస్తే చేతులు కడుక్కున్నట్టు కాదు. బ్యాంకు ఆ సొమ్మును అప్పుగా ఇస్తుంది. అది వాగులోకి వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీకి పోవచ్చు, సోలార్ ప్లాంటుకూ పోవచ్చు. దక్షిణాఫ్రికా ఉదంతంలో నిజంగా పనిచేసిన మీట అప్పిచ్చేవాడి చేతిలోనే ఉంది. వందల కోట్ల డిపాజిటుదారు ‘ఈ రంగాలకు మీరెంత అప్పిచ్చారు?’ అని రాతపూర్వకంగా అడిగితే ఏ బ్యాంకు మేనేజరూ తేలిగ్గా తీసుకోడు. అడిగేవాళ్లే లేరు.

నిధి వేల కోట్లకు చేరాక నియమాలు రాయడం కష్టం. అప్పటికి ప్రతి నియమానికీ నష్టపోయేవాడు ఒకడు తయారై ఉంటాడు. కాబట్టి డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని పాత కాలేజీకి చెక్కు రాయబోతున్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సంతకానికి ముందు రెండు కాగితాలు అడగండి. ఈ సొమ్ము ఏయే పనుల్లో పెట్టబోమో చెప్పే పేజీ ఒకటి. ఎక్కడ పెట్టారో ఏటా అందరికీ చెబుతామన్న హామీ రెండోది. అవి చేతికొచ్చాకే చెక్కు ఇవ్వండి.