చదువుకు సాయమా, జీతానికి సాయమా?

ఉన్నత చదువుల ఖర్చుకు ఆదాయపన్నులో రాయితీ ఇస్తున్నామంటే, అది చదువుకు చేసే సాయమేనని మనమూ నమ్ముతూ వచ్చాం. ఆ సాయం ఎవరికి అందుతోందని ధర్మపురి బీడీ కార్మికురాలి వైపు నుంచి అడిగి చూద్దాం.

పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారు విద్యారుణంపై కట్టిన వడ్డీని ఎనిమిదేళ్లపాటు ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. మొదట సొంత చదువుకే ఉన్న ఈ వెసులుబాటును 2007లో జీవిత భాగస్వామి, పిల్లల చదువులకూ వర్తింపజేశారు. లక్ష రూపాయల వడ్డీ కట్టినప్పుడు 30 శాతం శ్లాబులో ఉన్న అధికారికి 30 వేలు మిగులుతాయి. 20 శాతం శ్లాబులోని చిరుద్యోగికి 20 వేలు. పన్ను పరిధిలోకే రాని బీడీ కార్మికురాలికి సున్నా! అవసరం పెరిగేకొద్దీ సాయం తగ్గిపోయే ఈ లెక్కను సంక్షేమం అనగలమా?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో కూతురి ఫీజు ఎక్కడినుంచి వస్తుంది? తల్లి చాట ముందు నడుం వంచి చుట్టిన బీడీల కూలీలోంచి, మహిళా సంఘంలో తీసుకున్న అప్పులోంచి, కుదువబెట్టిన బంగారంలోంచి. చట్టం గుర్తించేది మాత్రం బ్యాంకులు, ఆమోదం పొందిన సంస్థలు చదువు కోసమే ఇచ్చిన రుణాన్ని. గల్ఫ్‌లో ఉన్న భర్త సంపాదనకు ఇక్కడ పన్ను లేదు గనుక ఆ దారిలోనూ రాయితీ లేదు. ఇంటిచాకిరీలాగే స్త్రీల అప్పు కూడా ప్రభుత్వ లెక్కల్లోకి రాదు.

ఆమె పన్ను కట్టడం లేదనేది పచ్చి అబద్ధం. సబ్బు కొన్నా చెప్పులు కొన్నా జీఎస్టీ కడుతూనే ఉంది. బీడీలపై 1976 చట్టం కింద వసూలైన సెస్సుతో సంక్షేమ నిధి నడిచేది, కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్‌లు వచ్చేవి. 2017లో జీఎస్టీ తెచ్చి ఆ సెస్సునే రద్దు చేశారు. హక్కుగా ఉన్న నిధి బడ్జెట్ దయకు మిగిలింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగాయి. ఆ బకాయిల భారం చివరికి పడేది ఆడపిల్లల మీదే. డబ్బు చాలనప్పుడు ముందుగా ఆగేది వాళ్ల చదువే.

ఉద్యోగినులకు అందే కాస్త ఊరటను లాక్కోమని మనం అనడం లేదు. అమెరికాలో 2009 నుంచి అమల్లో ఉన్న విద్యా పన్ను రాయితీలో, కట్టాల్సిన పన్ను లేనివారికి కూడా 1000 డాలర్ల దాకా చేతికి వస్తుంది. ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? రాయితీని పన్ను శ్లాబుతో కాక చదివే అమ్మాయితో ముడిపెట్టాలి. ఫీజుకోసం తీసుకున్న సంఘం అప్పునూ విద్యారుణంగా గుర్తించాలి. మన సంఘాల సమావేశాల్లో, వినతిపత్రాల్లో ఈ రెండు డిమాండ్లూ చేరాలి.