థ్యాంక్స్, టిమ్!

2020 మార్చి. కరోనా భయంతో లోకమంతా తలుపులు బిగించుకుంటున్న రోజులు. అమెరికాలోని ఓక్లహామా సిటీలో పశువుల కాపరుల చరిత్రను చూపించే 'నేషనల్ కౌబాయ్ మ్యూజియం' కూడా మూతపడింది. సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది భద్రతా విభాగం పెద్ద టిమ్ టిల్లర్. కాపలాతోపాటు మ్యూజియం ట్విటర్ ఖాతానూ ఆయన చేతిలో పెట్టారు. అంతకుముందు ఆయన ఆ ఛాయలకే వెళ్లి ఎరగరు!

తనకిదంతా కొత్తని ముందే చెప్పేశారాయన. ప్రతి ట్వీట్ చివరా ఉత్తరం రాసినట్టు 'థ్యాంక్స్, టిమ్' అని సంతకం. హ్యాష్‌ట్యాగ్ పెట్టాలని ఆఫీసువాళ్లు చెబితే గుర్తు బదులు ఆ మాటనే అక్షరాల్లో టైపు చేశారు. టిక్‌టాక్ చూడు తాతా అని మనవడంటే, గడియారం గురించా అని అడిగారట. ఇక మనవడు నవ్వక ఏం చేస్తాడు! మధ్యమధ్యలో 'ట్రూ గ్రిట్' సినిమాలో జాన్ వేన్ పెట్టుకున్న కంటిపట్టీ లాంటి వస్తువుల ఫొటోలు, వాటి కబుర్లు.

అంతే... జనానికి తాతగారు తెగ నచ్చేశారు. పదివేల లోపు ఉన్న ఫాలోయర్లు కొద్ది వారాల్లోనే రెండు లక్షలు దాటారు. ఆ ఊరి పేరు కూడా వినని వాళ్లు రేపేం చెబుతాడోనని ఎదురుచూశారు. ఆ రోజుల్లో అలాంటి పలకరింపు చిన్న విషయమేం కాదు. ప్రపంచంలోని మ్యూజియాల్లో 90 శాతం, అంటే 85 వేలకు పైగా మూతపడ్డాయని యునెస్కో 2020 మేలో లెక్క చెప్పింది. వాటిలో దాదాపు 13 శాతం మళ్లీ తెరుచుకోకపోవచ్చని కూడా హెచ్చరించింది. టికెట్లు, విరాళాల మీద బతికే సంస్థలకు జనం మరచిపోవడమంటే సగం ప్రాణం పోయినట్టే.

పొట్టేలు మహిమ

ఇంగ్లండులోని రీడింగ్‌లో పల్లె జీవితాన్ని చూపించే మ్యూజియం ఒకటుంది. నాగళ్లు, బళ్లు, పాత ఫొటోలు దాని ఆస్తి. 2018 ఏప్రిల్‌లో అక్కడివాళ్లు 1962 నాటి పొట్టేలు ఫొటో ఒకటి బయటికి తీశారు. నాలుగు కాళ్ల మీద దిమ్మెలా నిలబడ్డ దాన్ని 'ఎంత భారీ శాల్తీయో చూడండి' అన్న ధోరణిలో ఒక్క ముక్కతో ట్విటర్లో పెట్టారు. లక్షకు పైగా లైకులు! దశాబ్దాలుగా బీరువాలో పడున్న పొట్టేలు రాత్రికి రాత్రే ప్రపంచ ప్రసిద్ధమైపోయింది.

ఈ రెండు చోట్లా ఖరీదైన ప్రచారం లేదు. 'తప్పక సందర్శించండి' అన్న ప్రకటన భాషా లేదు. వరండాలో కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పే పెద్దమనిషి గొంతు ఉంది. చెప్పడానికి సొంత సరుకూ ఉంది.

అద్దె ఇల్లు

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఆ వరండా సంస్థలది కాదు... అద్దెది! యజమాని ఎప్పుడైనా గోడ మీద తనకు తోచింది రాసిపోవచ్చు. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌కి సరిగ్గా అదే జరిగింది. 2023 ఏప్రిల్‌లో ట్విటర్ దాని ఖాతాకు ప్రభుత్వ అనుబంధ మీడియా అన్న ముద్ర వేసింది. తర్వాత దాన్ని 'ప్రభుత్వ నిధులతో నడిచేది' అని మార్చింది. కేంద్ర ప్రభుత్వం నుంచి తమకు నేరుగా వచ్చేది అప్పట్లో ఒక్క శాతం కూడా లేదని ఎన్‌పీఆర్ మొత్తుకుంది. శ్రోతల విరాళాల మీద ఆధారపడే సంస్థకు నమ్మకమే పెట్టుబడి. అది పోతే ఇంకేముంది? అందుకే ప్రధాన ఖాతాలోని 80 లక్షలకు పైగా ఫాలోయర్లను వదులుకుని, అక్కడ రాయడమే మానేసింది.

మునిగిపోయిందా? ఆరు నెలల తర్వాత లెక్క చూసుకుంటే వెబ్‌సైటుకు వచ్చేవారిలో తగ్గింది ఒక్క శాతమే! అన్ని లక్షలమందిలో తలుపు తోసుకుని లోపలికి వచ్చేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందేనన్నమాట.

లైకు కొట్టడానికి పైసా ఖర్చు లేదు. పైకప్పు కారితే బాగుచేయించడానికి మాత్రం పైసలే కావాలి. కాబట్టి లైకుల లెక్కతో మురిసిపోకుండా, వాళ్లలో ఎందరు గుమ్మం దాకా వచ్చారో చూసుకునే సంస్థే తెలివైనది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ గంట కొట్టడం చూడ్డానికి జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. ట్విటర్ పుట్టకముందూ అలాగే కూర్చున్నారు. ఫోను చేయగలిగిందల్లా ఆ గంట చప్పుడును ఇంకాస్త దూరం వినిపించడమే. వినడానికి గంటంటూ ఒకటి ఉండాలి కదా!